గొట్టాలు ఇచ్చారు, వడపోత మరిచారు

బిందు, తుంపర సేద్య పరికరాలపై వస్తు సేవల పన్నును 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించిన నిర్ణయం 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చింది. పరికరం కొంత చౌక కావడం హర్షించదగినదే. అయితే కొన్న పరికరం నాలుగో ఏట కూడా మొక్క మొదలుకు నీరు అందిస్తున్నదా అన్న ప్రశ్న పన్ను రేటుతో తీరేది కాదు. వేలాది రూపాయలు పోసి పరిచిన గొట్టాలను చుట్టచుట్టి గట్టున పడేసి, మళ్లీ కాలువలు తీసి నీరు పారించుకుంటున్న దృశ్యం గ్రామసీమలకు కొత్త కాదు. నీరు ఉన్నది, కరెంటు ఉన్నది, మోటారు తిరుగుతున్నది; సూది బెజ్జం లాంటి రంధ్రం పూడిపోయింది, అంతే.

ఈ సేద్యానికి ప్రభుత్వాల ఆదరణ కొరవడిందని ఎవరూ అనలేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే సూక్ష్మ సేద్యానికి ప్రత్యేక పథకం మొదలైంది. చంద్రబాబు నాయుడు అధ్యక్షతన ఏర్పడిన జాతీయ టాస్క్‌ఫోర్స్, దేశంలో 6.9 కోట్ల హెక్టార్లకు ఈ పద్ధతి అనువైనదని 2004లో అంచనా వేసింది. 2006లో కేంద్ర ప్రాయోజిత పథకం, 2015లో ప్రధానమంత్రి కృషి సించాయి యోజన వచ్చాయి. చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, ఇతరులకు 45 శాతం రాయితీ నిర్ణయమైంది. రాష్ట్రాలు తమ వాటా కలిపి దానిని మరింత పెంచాయి. నాబార్డు ద్వారా 5,000 కోట్ల రూపాయల నిధి కూడా ఏర్పాటైంది. ఇంత జరిగినా ఏటా ఘనంగా ప్రకటించే లెక్క కొత్తగా పరిచిన హెక్టార్లది. పాతవాటిలో ఎన్ని పనిచేస్తున్నాయన్న లెక్కకు ఆ ప్రాధాన్యం ఎన్నడూ దక్కలేదు.

గొట్టం పూడడానికి కారణాలు మూడు: మట్టి, లవణం, జీవం. బోరు ఎత్తిపోసే ఇసుక, కాలువ మోసుకొచ్చే ఒండ్రు మొదటి కోవలోనివి. రెండోది ఉప్పునీటి ప్రాంతాల శాపం. కఠిన జలంలోని సున్నం ఎండవేడికి డ్రిప్పరు మూతి వద్ద తెల్లటి పెచ్చుగా గడ్డకడుతుంది. భూగర్భంలో కరిగి ఉన్న ఇనుము గాలి తగలగానే తుప్పురంగు బురదగా మారుతుంది. లీటరు నీటిలో ఇనుము ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటినా, నీటి ఉదజని సూచిక 8 దాటినా ప్రమాదం తీవ్రమని నిపుణులు ఏనాడో హెచ్చరించారు. ఇక నాచు, బాక్టీరియా జిగురు మూడోది. నీటిని నిలవచేసే తొట్లు, కుంటలు దానికి పుట్టినిళ్లు. రాజస్థాన్‌లోని జాలోర్, బాడ్‌మేర్ జిల్లాలకు 2008లో నర్మద నీరు చేరినప్పుడు అక్కడ తుంపర సేద్యాన్ని తప్పనిసరి చేశారు. కాలువ నీటిని ‘డిగ్గీ’లనే తొట్లలో నింపి స్ప్రింక్లర్లకు అందించే విధానమది. సాహసోపేతమైన నిర్ణయమే. కానీ కాలువ ఒండ్రు, తొట్టి నాచు రెండూ కలిసే చోట వడపోతను ఏమరితే ఎంతటి పథకమైనా నాజిల్ దగ్గర ఆగిపోతుంది.

లోపం ఎక్కడున్నదో తెలుసుకోవడం కష్టమైన విద్య కాదు. చేనంతటా ధార సన్నగిల్లితే తప్పు మోటారులోనో, ఫిల్టరులోనో ఉంటుంది. ఒక్క వరుసే ఎండితే ఆ లేటరల్ గొట్టాన్ని చూడాలి. వరుసల చివరి మొక్కలే వాడుతుంటే కొసల్లో మడ్డి పేరుకున్నదన్నమాట. ఫిల్టరుకు ముందు, వెనుక ఒత్తిడి చూపే గేజీలు ఉంటే పని మరింత సుళువు. రెంటి మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు అర కిలో దాటితే ఫిల్టరు కడగవలసిన వేళ అయిందని అర్థం. కొందరు రైతులు ధార పెరుగుతుందని ఫిల్టరులోని జాలీనే తీసివేస్తారు. ఆ పూట ధార పెరిగే మాట నిజమే. ఆ సీజను దాటేసరికి డ్రిప్పర్లన్నీ పూడిపోయే మాటా నిజమే.

ముందు ప్రధాన గొట్టం, తరువాత ఉప ప్రధాన గొట్టం, ఆపైన కొద్ది కొద్ది లేటరళ్ల కొస మూతలు విప్పి, తేట నీరు వచ్చేదాకా వదలాలి. ఈ వరుస తప్పితే పై మడ్డి కిందికి చేరుతుంది. సున్నపు పెచ్చు దీనితో పోదు. గొట్టం కొసన వచ్చే నీటి ఉదజని సూచిక 4కు దిగేటట్లు హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎక్కించి, 24 గంటలు ఉంచి కడగాలి. నాచుకు, జిగురుకు మందు క్లోరిన్. బ్లీచింగ్ పౌడరు వాడేవారు దానిని నీటిలో కలిపి, తేరిన తేటనే తీసుకోవాలి. అడుగు మడ్డి పోస్తే అదే కొత్త అడ్డంకి. ఒక హెచ్చరిక మాత్రం ప్రతి రైతుకూ చేరాలి. ఆమ్లాన్నీ బ్లీచింగునూ ఎన్నడూ కలపరాదు, వెలువడే విషవాయువు ప్రాణాంతకం. నీటిలోకి ఆమ్లం పోయాలే గాని ఆమ్లంలోకి నీరు పోయరాదు. గొట్టాలు ఇచ్చిన రోజున ఈ రెండు మాటలు ఎందరికి చెప్పారు?

స్ప్రింక్లరు కథ కొంత వేరు. నాజిల్‌లో ఇసుక రేణువు ఇరుక్కుంటే చేతికందిన ఇనుప తీగతో పొడవడం అలవాటు. దానితో రంధ్రం పెద్దదై నీరు పడే తీరే మారుతుంది. సన్నని పుల్ల చాలు. తిరగడం లేదని నూనె, గ్రీజు రాయడం మరో పొరపాటు. దానిని నడిపేది నీరే; గ్రీజుకు ఇసుక అంటుకుని అరుగుదల పెరుగుతుంది. వాషర్లు అరిగినా, స్ప్రింగు వదులైనా మార్చక తప్పదు. చిన్న వాషరు కోసం పట్టణానికి పోయి రావడం ఒక రోజు కూలి నష్టమన్నది అధికారులు గమనించినట్లు లేదు.

ఎరువుల సంగతీ ఉన్నది. డి.ఎ.పి. వంటి భాస్వరపు ఎరువులను కఠిన జలంలో కలిపి డ్రిప్పులో వదిలితే, కాల్షియంతో కూడి గొట్టంలోనే గడ్డకడతాయి. పూర్తిగా నీటిలో కరిగేవే వాడాలి. ఎరువు వదలడం ముగిశాక కొంతసేపు ఉత్త నీరు పారించాలి.

పథకం కింద ఒకసారి లబ్ధి పొందిన భూమికి మళ్లీ రాయితీ దక్కాలంటే ఏడేళ్లు ఆగాలి. మూడో ఏటనే గొట్టాలు పూడిన రైతు మిగిలిన నాలుగేళ్లు ఏం చేయాలో నిబంధనలు రాసినవారే చెప్పాలి. గొట్టం పరచక ముందే బోరు నీటిని పరీక్షించి, ఆ నీటికి తగిన ఫిల్టరును అంచనాలో చేర్చడం తప్పనిసరి కావాలి. ఇసుక పోసే బోరుకు హైడ్రోసైక్లోన్, కుంట నీటికి ఇసుక ఫిల్టరు ఇవ్వవలసి ఉండగా అందరికీ ఒకే జాలీ ఫిల్టరు అంటగట్టడం లెక్కలకు సులువు, పొలానికి చేటు. రాయితీలో చివరి భాగాన్ని రెండో ఏట పొలంలో తనిఖీ జరిగి, కొస మొక్కకు నీరందుతున్నదని రైతు సంతకం చేసిన తరువాతనే కంపెనీలకు విడుదల చేయాలి. విడిభాగాలు మండల కేంద్రంలోనే దొరికేటట్లు చూడాలి. వచ్చే బడ్జెట్లలో కొత్త హెక్టార్ల పక్కనే, పనిచేస్తున్న పాత హెక్టార్ల సంఖ్యను కూడా ప్రచురించాలి.