మూసిన బీరువా భద్రం కాదు

మొన్న కార్తీకంలో జవళగిరి ఇంటికి పోయినప్పుడు అవ్వ బీరువా తెరిచినాను. ముక్కిన వాసన గుప్పుమనింది. అవ్వ పెళ్లి పట్టుచీర మడతల మీద తెల్లగా బూజు. కింది అరలో తాత తెలుగులో రాసుకున్న లెక్కల పుస్తకం, పుటలు ఒకదానికొకటి అంటుకుని ఉండాయి. నేను కన్నడ మీడియంలో చదివినదాన్ని. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నది ఆ పుస్తకంలోనే. అందుకే కొంచెం కోపంగా రాస్తాండాను, పెద్దవాళ్లు తప్పుగా అనుకోవద్దు.

ఇంట్లో అందరిదీ ఒకే మాట: "గట్టిగా మూసిపెట్టినాము, కలరా ఉండలు వేసినాము, ఇంకేం చేయాల?" ఆ నమ్మకమే కొంప ముంచింది.

కలరా ఉండలు పురుగుల కోసం. బూజు పురుగు కాదు. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. తేమ 65, 70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే గుడ్డ మీదా కాగితం మీదా మొలుస్తాయి. ఉండలు ముక్కిన వాసనను తమ వాసనతో కప్పుతాయి, అంతే. నేను టెస్టర్‌ని. ఎర్రర్ మెసేజ్ దాచిపెట్టి బగ్ పోయిందనేవాళ్లను రోజూ చూస్తాను. ఇదీ అదే.

"అవ్వ కాలంలో వస కొమ్ము, వేపాకు చాలుతుండె గదా" అంటారు. అవీ పురుగులకే. అప్పుడు చీరలు బాగున్నది ఏటా బయటికి తీసి, నీడన ఆరబోసి, మడత మార్చి పెట్టినందుకు. అప్పుడు ఇంట్లో మనుషులుండిరి. ఇప్పుడు మనం హోసూరులో, బెంగళూరులో. ఇంటికి తాళం.

ప్లాస్టిక్ కవరు ఇంకొక తప్పు. లోపల చిక్కిన చెమ్మకు బయటికి దోవ ఉండదు. గంజి పెట్టిన చీర అట్లే దాచితే బూజుకు మనమే అన్నం పెట్టినట్టు. మన వైపు నైరుతి వానా, ఈశాన్య వానా రెండూ తగులుతాయి. చెమ్మెక్కిన బయటి గోడకు బీరువాను ఆనించి పెడితే వెనక రేకు చల్లబడి, లోపలి తేమంతా అక్కడే చేరుతుంది.

చేయాల్సింది పెద్ద ఖర్చు కాదు. బీరువాను గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి. గోడ ఊరుతుంటే ముందు గోడ బాగుచేయించండి. ప్లాస్టిక్ తీసి ఉతికిన నూలు గుడ్డలో చుట్టండి. అరలు కిక్కిరిసేలా నింపొద్దు. తేమ చూపించే చిన్న మీటరు ఒకటి లోపల పెట్టండి, 60 దాటితే సిలికా జెల్ మార్చండి. వాన రోజు తలుపు తెరిస్తే చెమ్మ లోపలికే వస్తుంది, ఎండ కాసే రోజు తెరవండి. బూజు పట్టినదాన్ని బయటికి తెచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీడన బాగా ఆరినాక మెత్తని బ్రష్‌తో దులపండి. పట్టును మంట ఎండలో వేయొద్దు, రంగు పోతుంది.

"ఫోటో తీసి పెట్టుకుంటే చాలదా?" అని ఒక అన్న అడిగినాడు. ఫోటో తీయాలన్నా పుట విడిపోవాల గదా అన్నా!

సంక్రాంతికి అందరూ వస్తారు. ఆ రోజు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. భోజనాలకు ముందే బీరువా తెరుస్తాము. ఎవరి అర వాళ్లు ఆరబెట్టాల.