పేరులోని చిక్కు

2022వ సంవత్సరము నవంబరు మాసమున సంయుక్త అరబ్బు ఎమిరేటుల ప్రభుత్వమువారు ఒక నిబంధనను అమలునకు దెచ్చిరి. పాసుపోర్టునందు ఒకేయొక పేరుండి రెండవ గడి ఖాళీగా నున్నయెడల, సందర్శకులుగా వచ్చు అట్టి ప్రయాణికులను తమ దేశమున అడుగిడనీయమని దాని సారాంశము. పాసుపోర్టు రెండవ పుటలో తండ్రిపేరో వంశనామమో యున్న జాలునని పిదప కొంత సడలించిరి. సడలింపుతోడనే పత్రికలలోని సంచలనమును అణగిపోయెను. కాని చిక్కు మాత్రము విడలేదు. జగిత్యాల, నిజామాబాదు, కడప మండలములనుండి వేలకొలది శ్రమజీవులు గల్ఫు దేశములకు బోవుచున్న మన జాతికి ఇది విమానాశ్రయపు ఉద్యోగులకు విడిచిపెట్టదగిన స్వల్పవిషయము కాదని మేము తలంచుచున్నాము.

ఆంధ్రుల నామక్రమము సుప్రసిద్ధము. ముందు ఇంటిపేరు, తరువాత పెట్టిన పేరు. కందుకూరి వీరేశలింగము, టంగుటూరి ప్రకాశము, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, వీరిలో ఎవరిని స్మరించినను వరుస ఇదియే. ఇంటిపేరు పెక్కు కుటుంబములకు పూర్వులు కాపురమున్న ఊరిని దెలుపును. మనుష్యుని దెలుపునది పెట్టిన పేరు. 'విశ్వనాథవారు' అని ఇంటిపేరితో గౌరవించుటయు మనలో గలదు. కాని అది బహువచనము, ఆ యింటినంతటిని కలుపుకొని చేయు మర్యాద.

ఇట్టి జాతిచేతికి 'ఫస్టు నేము', 'లాస్టు నేము' అని అచ్చొత్తిన ఫారము వచ్చును. మొదటిదేదియని యడిగిన మనవాడు ఇంటిపేరు వ్రాయును. అతని లెక్కకు అదియే మొదటిది. అందు తప్పేమున్నది? కొందఱు మొత్తము పేరును ఒక గడిలోనే యిమిడ్చి రెండవదానిని విడిచిపెట్టుదురు. పొడియక్షరములతో జీవితమంతయు గడపినవాడు, పాసుపోర్టులో అవి చెల్లవని విని, పెట్టిన పేరొక్కటియే వ్రాసి ఊరకుండును. విమానపు టిక్కెట్టు ఒక వరుసను, పాసుపోర్టు ఇంకొక వరుసను చూపినప్పుడు వాని నిజాయితీయే శంకాస్పదమగుచున్నది.

ఇందొక విచిత్రము గలదు. పాసుపోర్టు అడుగుభాగమున యంత్రము చదువుటకై రెండు పంక్తులుండును. పై పంక్తిలోని నలువది నాలుగు స్థానములలో ముప్పది తొమ్మిది పేరునకు గేటాయింపబడినవి. అంతర్జాతీయ పౌరవిమాన సంస్థవారి నియమము ననుసరించి అందు ఇంటిపేరు ముందు వచ్చును, పెట్టిన పేరు తరువాత వచ్చును. అనగా యంత్రమునకు మన వరుస తెలిసియే యున్నది. తెలియనిది ఫారము నచ్చొత్తించిన మనుష్యునకు!

అమెరికావారి ప్రవేశానుమతి పత్రములలో పెట్టిన పేరు గడి ఖాళీయైనచో 'ఎఫ్.ఎన్.యు.' అను మూడక్షరములు చేర్తురు. మొదటి పేరు తెలియదని దాని యర్థము. ఆ మూడక్షరములే తరువాత బ్యాంకులలోను, వాహనము నడుపు లైసెన్సులలోను పేరుగా స్థిరపడిన సందర్భములు గలవు. బారసాలనాడు పళ్లెములోని బియ్యముపై తండ్రి వ్రాసిన పేరు సముద్రము దాటగనే తెలియనిదైపోయినది.

గొప్పవారికిని ఈ బాధ తప్పలేదు. 1991 మొదలు 1996 వఱకు ప్రధానమంత్రిగానున్న పాములపర్తి వేంకట నరసింహారావుగారిని విదేశపత్రికలు 'మిస్టర్ రావు' అని వ్రాసినవి. రావనునది ఆయన ఇంటిపేరు గాదు, విడిగా జూచిన పెట్టిన పేరును గాదు. 2014లో మైక్రోసాఫ్టు సంస్థకు ముఖ్యాధికారియైన నాదెళ్ల సత్యనారాయణగారు లోకమునకు సత్య నాదెళ్ల అయిరి. పరదేశమున వరుస మార్చుకొనుట ఎవరి యిష్టము వారిది. దానిని మేము తప్పుపట్టము. ఇష్టముతో మార్చుకొనుట వేఱు, మార్చుకొననిదే కడుపు నిండకుండుట వేఱు.

పరులను దూరుటకు ముందు మన యింటిని జూచుకొందము. పెట్టిన పేరును మనము ఎవరికి ఏ తీరున వాడుచున్నాము? పెద్దలను పేరుపెట్టి పిలువము. మామయ్య, పిన్నిగారు, అన్నయ్య అందుము. భర్తపేరు నోట పలుకని యిల్లాండ్రు ఇప్పటికిని గలరు. అది మర్యాద. కాని పల్లెలో పొలము గలవాడు రామిరెడ్డిగారు. ఆ పొలములో చాకిరి చేయు మల్లయ్య ఆయన నోట మల్లిగాడు, వాని భార్య నర్సమ్మ నర్సి. మల్లయ్య కామందుకన్న పదియేండ్లు పెద్దవాడైనను ఇంతే. 'అయ్య' యను రెండక్షరములు పెట్టినవారు తల్లిదండ్రులు, కోసివేసినది కులదర్పము. మన పత్రికలు మాత్రము శుద్ధమా? మంత్రి 'వచ్చినారు', కూలి 'వచ్చినాడు'. నేరము రుజువుగాకున్నను బీదవాని పేరునకు 'గారు' అంటదు. ఈ దోషములో మాకును పాలు గలదని యొప్పుకొనుచున్నాము.

ఐస్లండు దేశమున ప్రధానమంత్రినైనను పెట్టిన పేరితోనే పిలుతురు. టెలిఫోను పట్టికను సైతము ఆ పేర్ల వరుసలోనే కూర్చెడివారు. అచటివారిలో అత్యధికులకు వంశనామము లేదు. తండ్రి పేరునకో తల్లి పేరునకో కుమారుడు, కుమార్తె యను మాట చేర్చుకొందురు. ఒట్టి పేరితో పిలిచిన అచట ఎవరికి అవమానము? అందఱికిని ఒకే కొలత గనుక ఎవరికిని లేదు. మనకడ ఒట్టి పేరు బలహీనుని గుర్తు.

స్త్రీల విషయము మఱియు క్లిష్టము. పుట్టినింటి పేరితో చదువు, మెట్టినింటి పేరితో రేషను కార్డు, ఏదియు లేక వట్టి లక్ష్మియను పేరితో బ్యాంకు పుస్తకము. 2016 డిసెంబరులో విదేశాంగశాఖవారు పాసుపోర్టునకు వివాహధ్రువపత్రము అక్కఱలేదనిరి. వివాహానంతరము పేరు మార్చుకొన నక్కఱలేదని 2017 ఏప్రిలులో ప్రధానమంత్రియు ప్రకటించిరి. మంచిదే. కాని ఇంటిపనికై కువైటునకు బోవు కడప మండలపు స్త్రీకి ఆ సంగతి చెప్పువారెవరు? ఆమె ఫారమును నింపువాడు బజారులోని ఇంటర్నెట్టు దుకాణమువాడో, ఏజెంటో. వాని తొందరపాటునకు దండుగ చెల్లించునది ఆమె.

కావున రెండు రాష్ట్రముల ప్రభుత్వములను మేము కోరునది స్వల్పము. పదవతరగతి ధ్రువపత్రమున పొడియక్షరములు విడిచి ఇంటిపేరును పూర్తిగా, వేఱు గడిలో వ్రాయించుడు. ఇంటిపేరు వాడుకలో లేనివారికి తండ్రిపేరో తల్లిపేరో చేర్చుకొను అవకాశమును బడిలోనే కల్పించుడు. పెద్దవాడైన పిదప సవరణకై కార్యాలయముల చుట్టు తిరుగు పని వానికుండదు. పాసుపోర్టు ఫారము నింపు విధమును దెలుగున అచ్చొత్తించి గ్రామ సచివాలయములందును, పంచాయతీ కార్యాలయములందును గోడకు అంటింపుడు. అందు 'మొదటి పేరు', 'చివరి పేరు' అను మాటలు వలదు. 'ఇంటిపేరు', 'పెట్టిన పేరు' అని యుండిన జాలును. అక్షరము వచ్చిన ప్రతి తెలుగువానికిని అవి తెలియును.