మొరాయించే ఇంజను

హయత్‌నగరులో విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పండితునికి పడవ ఇంజనుతో పనేమిటని మీరు నవ్వవచ్చును.

కొన్నేళ్ల క్రితం కృష్ణానదిలో ఒక రేవు దగ్గర పడవ ఎక్కబోయాము. డీజిలు ఇంజను ఒకమారు అందుకుంటుంది, మరుక్షణం ఆగిపోతుంది. మీట నొక్కితే మోటారు జోరుగానే తిరుగుతున్నది. కనుక దోషం బ్యాటరీది కాదు. డీజిలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. కనుక ఆ అనుమానమూ లేదు. మిగిలింది ఇంధనమార్గం. తర్కశాస్త్రంలోని పరిశేషానుమానమంటే ఇదే గదా!

మెకానిక్కు ఫిల్టరు మీది మర వదులు చేసి చేతిపంపు కొట్టాడు. బుడగలు వచ్చాయి. గాలి పోయాక మర బిగించాడు, ఇంజను పలికింది.

"గాలి ఎక్కడ జొరబడింది నాయనా?" అన్నాను.

"ఇప్పుడు తిరుగుతోంది గదా పంతులుగారూ, ఎక్కండి!"

విద్యార్థి తప్పును దిద్ది, సూత్రం చెప్పకుండా వదలినట్లే ఇది. గాలి పోయింది, గాలి దూరిన సందు మిగిలింది. పూర్తిగా చెడిన ఇంజను మనలను ఒడ్డునే నిలుపుతుంది. అప్పుడప్పుడు పలికేది నడినీటికి తీసుకుపోతుంది. అక్కడ ఇంజను ఆగితే చుక్కానికి పట్టు తప్పుతుంది, పడవ ప్రవాహం పాలవుతుంది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరి వరదలో పర్యాటకుల పడవ మునిగింది. ఇంజను మాట అటుంచి, నది మనిషికి గడువివ్వదని ఆ దుర్ఘటన చాటింది.

కారణం తేలని పడవ కదలరాదు. యజమాని కదిలించినా మనము దిగిపోవాలి. ఆనాడు నా వెంట మనుమలున్నారు. అయినా మొగమాటపడి ఎక్కాను. క్షేమంగానే చేరాము, అది నా వివేకం కాదు.