కొట్టానికి కాపలా మీరే

కదిరి పల్లెల్లో పుట్టి పెరుగుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాట మీతోనే. తలుపుల నుంచి తనకల్లు దాకా, గాండ్లపెంట నుంచి నంబులపూలకుంట దాకా శనక్కాయ విత్తి ఆకాశం వైపు చూస్తూ బతికిన ఇళ్లు మనవి. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది, అదీ పైరుకు కావాల్సిన వారంలో పడదు. పంట ఎండిన ఏడు ఇంటిని నిలబెట్టింది కొట్టంలోని రెండావులు. ఆ పాల బిల్లుతోనే మీ ఫీజులు కట్టారు. ఆ పాల బిల్లుతోనే మీ అన్నల్ని బెంగళూరు బస్సెక్కించారు.

వాన కురిపించడం ఎవరి వల్లా కాదు. కానీ జబ్బును కొట్టం బయటే ఆపడం మన వల్ల అవుతుంది. అందులోనూ మీ వల్ల ఎక్కువ అవుతుంది. మీరు టీకా చీటీ చదవగలరు, మందు సీసా మీద గడువు చూడగలరు, డాక్టరుకు ఫోటో తీసి పంపగలరు, పెద్దవాళ్లను ఎదురు ప్రశ్న అడగగలరు. అందుకే మిమ్మల్ని పిలుస్తున్నాను.

ఇది అయ్యే పనేనా అన్న అనుమానం పెట్టుకోకండి. ముసర రోగం పేరు మీలో ఎంతమంది విన్నారు? ఒకప్పుడు అది ఊళ్లోకి వచ్చిందంటే మందలకు మందలే పోయేవి, దుక్కికి ఎద్దు మిగిలేది కాదు. 1920లలో ముక్తేశ్వర్ పరిశోధనశాలలో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త మేకల్లో పెంచిన క్రిమితో దానికి టీకా తయారుచేశాడు. 1954లో దేశమంతటా నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 1995 తర్వాత మన దేశంలో ఆ రోగం కనిపించలేదు. 2011లో లోకంలోనే లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి భూమ్మీద లేకుండా చేసిన రెండో రోగం అదే. ఐస్ డబ్బాలు మోసుకుంటూ ఊరూరా తిరిగిన సిబ్బంది, పలుపు బిగించి పట్టుకుని నిలబడ్డ పల్లె జనం కలిసి సాధించిన గెలుపు అది. మీరు ఆ పేరు వినకుండా పెరగడం వాళ్ల పుణ్యమే.

ఇప్పుడు గాలికుంటు మీద అలాంటి పనే నడుస్తోంది. 2019 సెప్టెంబరులో కేంద్రం జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆరు నెలలకోసారి టీకా ఉచితంగా ఇంటి ముందుకే వస్తుంది. అయినా టీకాల రోజు ఊళ్లో చూడండి, తెల్లారకముందే ఆవులను తోటకు తోలేసేవాళ్లు ఉంటారు. "సూదేస్తే పాలు తగ్గుతాయప్పా" అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. కొన్ని ఆవులకు రెండు మూడు రోజులు కాస్త తగ్గుతాయి, మళ్లీ వస్తాయి. ఆ భయాన్ని ఎగతాళి చేయకండి. పక్కన కూర్చుని రెండో లెక్క కూడా చెప్పండి.

గాలికుంటు సోకిన ఆవు నోట్లో బొబ్బలు పగిలి నాలుక పొర ఊడి వస్తుంది. చొంగ నేలదాకా సాగుతుంది. గిట్టల సందున పుండ్లు పడి, ఈగలు వాలి, పురుగులు పడతాయి. మేత ముట్టదు, అడుగు వేయలేదు. పసిదూడకు సోకితే గుండె దెబ్బతిని నిలుచున్న చోటే కూలిపోవచ్చు. అసలు కష్టం తగ్గిన తర్వాత మొదలవుతుంది. జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరం ఆవులు కొన్ని ఆ తర్వాత ఎండకు తాళలేవు. బొచ్చు పెరిగిపోతుంది, సరిగా ఎదకు రావు, నీడలో కట్టేసినా నోరు తెరిచి రొప్పుతూనే ఉంటాయి. కదిరి మే నెల ఎండలో అలాంటి ఆవు పక్కన ఒక్క మధ్యాహ్నం నిలబడి చూడండి. అప్పు తీరలేదు, పాలు లేవు, కొనేవాడు రాడు. మూడు రోజుల చారెడు పాలకు ఇంత మూల్యమా? ఈ మాట మీ నాన్నకు మీరు చెబితే వింటాడు. ఇంకొకటి, సూది ప్రతి పశువుకూ మార్చమని మర్యాదగానే అడగండి. ఒకే సూదితో వీధంతా పొడిస్తే ఒక కొట్టంలోని రోగాన్ని పది కొట్టాలకు మనమే పంచినట్టు.

టీకా ఒక్కటే చాలదు. ఎండాకాలంలో చెరువులు ఎండి, బోరు దగ్గరి ఒక్క తొట్టిలోనే ఊరి పశువులన్నీ మూతి పెడతాయి. చొంగ కార్చే ఆవు ఒకటి అక్కడ తాగిందంటే మిగతా వాటికి సోకడానికి ఇంకేం కావాలి? జబ్బు పశువుకు ఇంటి దగ్గరే బక్కెట్టుతో నీళ్లు పెట్టండి. సంతలో గానీ, కర్ణాటక వైపు నుంచి గానీ కొత్త ఆవును తెచ్చినప్పుడు పసుపు కుంకుమ పెట్టి నేరుగా పాత ఆవుల పక్కన కట్టేస్తున్నాం. పసుపు కుంకుమ పెట్టండి, మంచిదే. కట్టడం మాత్రం మూడు వారాల పాటు దూరంగా, వేరే గాడిలో కట్టండి. దానికి మేత వేయడం, పాలు పిండడం అన్నిటికన్నా చివర పెట్టుకోండి. గాలికుంటు తిరుగుతున్న రోజుల్లో లీటరు నీళ్లకు 40 గ్రాముల వాషింగ్ సోడా కలిపి కొట్టం వాకిట్లో ఉంచండి. వచ్చే చెప్పులూ, బక్కెట్లూ అందులో కడగాల్సిందే. పశువుల బేరగాడికైనా, బంధువుకైనా అదే నియమం. ఇంగ్లండులో 2001లో సరిగా ఉడకబెట్టని ఎంగిలి మేత పందులకు పెట్టిన ఒక్క ఫారం నుంచి గాలికుంటు దేశమంతా పాకింది. అరవై లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది, సార్వత్రిక ఎన్నికలే నెల వెనక్కి జరిగాయి. అంత డబ్బున్న దేశమే ఒక్క ఫారం నిర్లక్ష్యానికి అల్లాడిపోయింది.

చెల్లెళ్లూ, ఇది మీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కొట్టం పని ఎక్కువగా అమ్మల చేతుల మీదే నడుస్తుంది. చూడి ఆవు నెలలు నిండకముందే ఈసుకుపోతే దాన్ని దిష్టి అని వదిలేయకండి. బ్రూసెల్లా కావచ్చు. ఆ మాయలో, ఆ నీళ్లలో, చచ్చిన దూడలో కోట్లాది క్రిములుంటాయి. వట్టి చేతులతో లాగి తీసిన మనిషికీ సోకుతుంది. మళ్లీ మళ్లీ వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు నెలల తరబడి పీడిస్తాయి. మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులను కుంగదీసిన జ్వరానికి కారణమైన ఈ జాతి క్రిమిని 1887లో డేవిడ్ బ్రూస్ కనిపెట్టాడు. అది మేకపాల ద్వారా వస్తోందని తేలడానికి ఇంకో పద్దెనిమిదేళ్లు పట్టింది. మన ఊళ్లలో మాయను గడ్డిలో చుట్టి మర్రిచెట్టుకు కట్టే ఆచారం ఉంది. పాలు పొంగాలన్న ఆశతో, కుక్కల పాలు కాకూడదన్న జాగ్రత్తతో పెద్దలు చేసిన పని అది. కానీ ఈసుకుపోయిన ఆవు మాయను చెట్టుకు కట్టొద్దు, దిబ్బలో వేయొద్దు. చేతులకు తొడుగులు వేసుకుని, లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు ఒక్కసారి బ్రూసెల్లా టీకా వేయిస్తే చాలు. పాలు కాచిన తర్వాతే తాగండి.

శనక్కాయ సంగతి కూడా చెప్పాలి. గింజను కొత్త వంగడాలతో మెరుగుపరిచే పరిశోధన కేంద్రం కదిరిలోనే ఉంది. కానీ మంచి కాయ మార్కెట్టుకు పోయి, బూజు పట్టిన కాయా, చెక్కా ఆవు తొట్టిలో పడుతోంది. కాయ ముదిరే రోజుల్లో బెట్ట పట్టి నేల వేడెక్కితే గింజలోకి బూజు దూరుతుంది. ఆ బూజు విషమే అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఎందుకు చచ్చాయో తెలియక తలలు పట్టుకున్నారు. వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన శనక్కాయ పిండి మేతలో ఆ విషం దొరికింది. ఆ విషం ఆవు కాలేయాన్ని చెడగొట్టి, పాలలోకి కూడా దిగుతుంది. కాచినా పోదు. కిలో పాలలో 0.5 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశపు నిబంధన. ఆ పాలు ముందు తాగేది మీ ఇంటి పసిబిడ్డే. చెక్క ముక్కను విరిచి లోపల చూడండి. పచ్చటి పొడి కనిపించినా, ముక్కు దగ్గర పెడితే ముక్కిన వాసన వచ్చినా అవతల పారేయండి. వానాకాలంలో బస్తాలను నేల మీద కాకుండా చెక్క పలకల మీద పెట్టండి.

పాలు పిండేముందు చేతులు కడుక్కోండి, మొదటి ధార నల్లగుడ్డ మీద పిండి చూడండి. గడ్డలు కనిపిస్తే పొదుగువాపు మొదలైనట్టే. పిండాక అరగంట ఆవును పడుకోనివ్వకుండా మేత వేయండి, చనుమొనల రంధ్రాలు మూసుకునేదాకా. గోమార్లను, జోరీగలను వదలొద్దు. 2022లో దేశంలో లక్షన్నరకు పైగా పశువులను తీసుకెళ్లిన లంపీ చర్మవ్యాధిని ఎక్కువగా మోసింది కుట్టే ఈగలు, దోమలే.

ఈ పనులన్నిటికన్నా కష్టమైనది ఒకటి మీ కోసమే మిగిలింది. ఊళ్లో ఎవరింట్లోనైనా పశువు జబ్బుపడితే దాచేస్తున్నారు. పాల కేంద్రంలో పాలు పోయించుకోరేమోనని, నలుగురూ మాట అంటారేమోనని భయం. ఆ దాచిన నాలుగు రోజుల్లోనే ఊరంతా అంటుకుంటుంది. ఊరి వాట్సాప్ గ్రూపులో ముందు మీ ఇంటి ఆవు గురించి మీరే పెట్టండి. 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి. జబ్బు ఆవున్న ఇంటికి వారం పాటు మేత మోసి గుమ్మం బయట పెట్టే మనుషుల్ని మీలోంచే కూడగట్టండి. వచ్చే విడత టీకాలకు ముందురోజు సాయంత్రం ఇంటింటికీ వెళ్లి చెప్పండి, మర్నాడు ఏ ఆవూ తోటకు పోకుండా పలుపు మీరే పట్టుకోండి.