పట్టాల చలికి లెక్క ఉన్నది; మనిషి చలికి లేదా?

శివరాత్రికి చలి ‘శివశివా’ అనుకుంటూ పోతుందని మన పెద్దల సామెత. మన శాఖలలోని పై అధికారులకు ఈ సామెత మిక్కిలి నచ్చినట్లున్నది. గదులు మంచుగడ్డలవుతున్నవని మార్గశిరంలో అర్జీ పెట్టుకుంటే, పుష్యంలో విచారణ జరుగుతుంది. మాఘంలో అంచనా వ్యయం తయారవుతుంది. శివరాత్రి నాటికి చలితో పాటు ఫైలు కూడ కనుమరుగవుతుంది. మరుసటి సంవత్సరం మరల మొదటి నుండి ఇదే తంతు. ఈ ఏడు శివరాత్రికి ముందే కొన్ని విషయాలు సూటిగా చెప్పుకొనుట అవసరమని భావిస్తున్నాము.

రైలుపట్టా వేసవిలో వ్యాకోచించి వంకరపోతుంది. శీతకాలంలో సంకోచించి, వెల్డింగు చేసిన చోటనో, లోపమున్న చోటనో విరుగుతుంది. ఈ సంగతి మన ట్రాక్‌మన్ సోదరులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. అందుకే పొడవైన వెల్డింగు పట్టాలకు ఒత్తిడి లేని ఉష్ణోగ్రత ఇంత అని రైల్వే నియమావళి నిర్ణయించినది. పట్టా ఉష్ణోగ్రత అంతకన్న 30 డిగ్రీలు దిగువకు పడితే శీతకాలపు గస్తీ వేయవలెనని శాసించినది. పట్టా వేడిని కొలుచుటకు ప్రత్యేకమైన థర్మామీటర్లు ఉన్నవి, రాసిపెట్టుటకు రిజిస్టర్లు ఉన్నవి. ఇది మంచి నియమం. దీనివలన వేలాది ప్రయాణికుల ప్రాణాలు నిలుస్తున్నవి.

అయితే, ఆ గస్తీ తిరిగే మనిషి సంగతి ఏమి? భుజాన సరంజామా, చేతిలో లాంతరు పట్టుకొని, ముందరి స్లీపరు కానరాని పొగమంచులో రాత్రంతా నడచి, తెల్లవారుజామున గ్యాంగు గదికో గేటు గదికో చేరుకున్నప్పుడు ఆ గదిలో ఎన్ని డిగ్రీలున్నవి? ఎవరికీ తెలియదు. ఆ గోడకు థర్మామీటరు లేదు, ఆ గదికి నియమం లేదు, రిజిస్టరు అసలే లేదు. ఇనుము పడే బాధకు అంకె ఉన్నది. ఆ ఇనుమును కాపాడే మనిషి బాధకు అంకె లేదు.

2025 జూన్‌లో కాశ్మీర్ లోయకు రైలుమార్గం పూర్తయి, కత్రా నుండి శ్రీనగర్‌కు వందే భారత్ బండి నడచుట మొదలైనది. ఆ బండిలో నీటి ట్యాంకులు గడ్డకట్టకుండ వేడిచేసే ఏర్పాటు ఉన్నది. డ్రైవరు ఎదుటి అద్దంపై మంచు పేరుకొనకుండ అద్దంలోనే వేడితీగలు అమర్చినారు. ఇది మన ఇంజనీర్ల ప్రతిభ, దీనికి గర్విస్తున్నాము. నీటి ట్యాంకుకు వేడి అవసరమని గుర్తించిన దేశం, స్టేషను మాస్టరు గదికి, రన్నింగ్ రూముకు, ఉద్యోగి పిల్లలు నిద్రించే క్వార్టరుకు వేడి అవసరమని గుర్తించలేదా అన్నదే మా ప్రశ్న.

వాతావరణ శాఖకు కూడ లెక్క ఉన్నది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 4 డిగ్రీలకు గాని, అంతకు దిగువకు గాని పడితే దానిని శీతగాలుల దినంగా పరిగణిస్తుంది. కాని ఆ శాఖ కొలిచేది బయటి గాలిని. మనిషి నిద్రించేది గదిలో. ఆ గదిలోని గాలిని ఎవరూ కొలవడం లేదు.

చలి అనేది కేవలం అసౌకర్యమని, కంబళి కప్పుకుంటే తీరిపోతుందని కొందరి అభిప్రాయం. ఇది పొరపాటు. చలికి రక్తనాళాలు సంకోచిస్తవి, రక్తపోటు పెరుగుతుంది, రక్తం చిక్కబడుతుంది, గుండెకు శ్రమ హెచ్చుతుంది. ఉబ్బసం ఉన్నవారికి, వృద్ధులకు, పసిపిల్లలకు ఊపిరితిత్తుల బాధలు ముదురుతవి. 13 దేశాలలోని మరణాలను పరిశీలించి 2015లో లాన్సెట్ వైద్యపత్రిక ప్రకటించిన అధ్యయనం ప్రకారం, మొత్తం మరణాలలో 7.29 శాతం చలికి, 0.42 శాతం ఎండవేడిమికి సంబంధించినవి. పైగా చలి మరణాలలో అధిక భాగం గడ్డకట్టే చలి వలన కాదు, సాధారణమైన చలి వలననే. ఆ 13 దేశాలలో మన దేశం లేదు గాని, మన శరీరాలు వేరే మట్టితో చేసినవి కావు.

ఎన్ని డిగ్రీలుంటే ఆరోగ్యానికి క్షేమం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రకటించిన గృహ ఆరోగ్య మార్గదర్శకాలలో, సమశీతోష్ణ దేశాలలోను శీతల దేశాలలోను చలికాలంలో ఇంటి లోపల 18 డిగ్రీలు క్షేమకరమని చెప్పినది. మనది ఉష్ణదేశం గదా, మనకీ లెక్క ఎందుకని అధికారులు వాదించవచ్చు. జనవరి రాత్రి అమృతసర్‌లోనో, గోరఖ్‌పూర్‌లోనో, లేహ్‌లోనో ఒక టైప్-1 క్వార్టరులో నిద్రించి చూచిన తరువాత ఆ వాదన చేయవలసిందిగా కోరుతున్నాము. మన క్వార్టర్లు వేడిని బయటికి పంపుటకు కట్టినవి గాని, నిలుపుకొనుటకు కట్టినవి కావు. వేసవిలో నిప్పులు చెరిగే ఆ పలుచని పైకప్పే పుష్యమాసంలో ఉన్న వెచ్చదనాన్నంతా ఆకాశానికి ఒదిలివేస్తుంది. ఇది ఉత్తరాది వారి బాధ మాత్రమే కాదు. సిర్పూర్ కాగజ్‌నగర్ వైపు పనిచేసేవారికి, కొత్తవలస–కిరండూల్ మార్గంలో అరకు, శిమిలిగూడ కొండలపై పనిచేసేవారికి, లంబసింగి పరిసరాలలో ఉత్తరాలు పంచేవారికి ఒక్క అంకెకు దిగే రాత్రులు తెలియనివి కావు.

ఇతర దేశాలలో ఈ సమస్య చట్టానికి ఎక్కి అరవై ఏండ్లు దాటినది. బ్రిటన్‌లో 1963లో చేసిన చట్టం పేరే ‘కార్యాలయాలు, దుకాణాలు, రైల్వే ఆవరణల చట్టం’. కూర్చుండి పనిచేసే గదులలో మొదటి గంట గడచిన పిమ్మట 16 డిగ్రీలకు తక్కువ ఉండుట సమంజసం కాదని అందులో అంకెతో సహా రాసినారు. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 13వ సెక్షను, కార్మికులకు తగుమాత్రం సౌకర్యంగా, ఆరోగ్యానికి హాని లేకుండ ఉష్ణోగ్రత ఉండవలెనన్నది. ఎన్ని డిగ్రీలో చెప్పలేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినది. పని స్థలాలలో గాలి, ఉష్ణోగ్రత, తేమలకు ప్రమాణాలు నిర్ణయించే అధికారం కేంద్రప్రభుత్వానికి ఈ కోడ్ ఇచ్చినది. ఆ కోడ్‌పై మన అభ్యంతరాలు అనేకం; అవి వేరు. చేతిలో ఉన్న అధికారాన్ని వాడి చలికి ఒక అంకె రాయమని అడుగుటకు ఆ అభ్యంతరాలు అడ్డు కావు.

అంకె మీద మనకింత పట్టుదల ఎందుకు? మన ఉద్యమం గెలిచిన ప్రతి హక్కు అంకెలోనే నిలిచినది. ‘అధిక శ్రమ’ అని మొరపెట్టుకున్నంత కాలం ఎవరూ వినలేదు. 1973లో లోకో రన్నింగ్ సిబ్బంది పది గంటల డ్యూటీ పరిమితి అడిగి పోరాడినారు. 1974 మే 8న మొదలైన మహా సమ్మెలో ఎనిమిది గంటల పనిదినం ఒక ప్రధాన కోరిక. గంటకు గడియారం సాక్షి. చలికి థర్మామీటరు సాక్షి. సాక్షి లేని ఫిర్యాదు అర్జీగా పుట్టి అర్జీగానే చస్తుంది.

ఇక అన్నింటికన్న బాధాకరమైన విషయం. కొన్నేండ్ల క్రిందట జనవరి నెలలో ఉత్తరాదిన ఒక మారుమూల గ్యాంగు గదిలో రాత్రి గడపవలసి వచ్చినది. నలుగురు ట్రాక్‌మన్లు. కంకర ఎత్తే ఇనుప గమేళాలో బొగ్గులు రాజేసి గది మధ్య పెట్టినారు. వారిలో పెద్దవాడైన ఒక స్థానికుడు కిటికీ రెక్క మూసుకొనకుండ ఇటుక ముక్క అడ్డుపెట్టినాడు. శ్రీకాకుళం జిల్లా నుండి రిక్రూట్‌మెంటు బోర్డు పరీక్ష రాసి వచ్చిన కుర్రవాడు ఆ కిటికీ పక్కనే ముడుచుకొని పడుకున్నాడు. నన్ను చూచి అన్నాడు: “కిటికీ మూస్తే సస్తాం, తెరిస్తే గడ్డకట్టుకుపోతాం. ఏటి సెయ్యమంటారు బాబాయ్ గారూ?” ముప్పై ఏండ్లుగా సంఘంలో పనిచేస్తున్న నా దగ్గర ఆ రాత్రి సమాధానం లేదు.

ఆ ఇటుక ముక్క లేని గదులలో ఏమి జరుగుతున్నదో ప్రతి శీతకాలం పత్రికలు చెప్తూనే ఉన్నవి. 2024 జనవరిలో దిల్లీలోని అలీపూర్ ప్రాంతంలో కుంపటి పెట్టుకొని పడుకున్న ఒకే కుటుంబంలోని నలుగురు తెల్లవారేసరికి విగతజీవులైనారు. బొగ్గు చాలినంత గాలి లేకుండ కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్న రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరుగుట, వాంతి, మగత - ఇవి లక్షణాలు. నిద్రలో ఉన్నవాడికి ఆ హెచ్చరిక కూడ అందదు. అందుచేత ప్రతి సభ్యునికి, వారి ఇంటివారికి ఈ బులెటిన్ మూలంగా చేతులు జోడించి చెప్తున్నాము: మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించవద్దు. పడుకొనే ముందు దానిని గది బయట పెట్టండి.

విద్యుత్ హీటరు కొనుక్కోరాదా అనేవారికి ఒక చిన్న లెక్క. 1,000 వాట్ల హీటరు రాత్రి ఎనిమిది గంటలు వాడితే 8 యూనిట్లు, నెలకు 240. చిన్న జీతగాడు ఆ బిల్లు ఎట్లు భరించగలడు? 2,000 వాట్లదైతే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. పాత క్వార్టర్లలోని 5 ఆంపియర్ల ప్లగ్గుకు దానిని తగిలిస్తే చలి నుండి కాపాడుకోబోయి అగ్నిప్రమాదం తెచ్చుకున్నట్లే. కనుక ముందు పైకప్పు, తలుపుల సందులు, వైరింగు బాగుచేయవలెను. హీటరు ఆ తరువాత. లడఖ్‌లో దక్షిణపు ఎండను పట్టి నిలుపుకొనే మందపు గోడల కట్టడాలు దశాబ్దాలుగా ఉన్నవి. మన శాఖల ఇంజనీరింగ్ విభాగాలకు అది అర్థంకాని విద్య కాదు.

తపాలా సోదరుల స్థితి మరింత దయనీయం. స్పితి లోయలో 14,000 అడుగులకు పైనున్న హిక్కిం గ్రామంలో 1983 నుండి తపాలా కార్యాలయం ఉన్నదని అందరూ ఘనంగా చెప్పుకుంటారు. గ్రామీణ బ్రాంచి పోస్టాఫీసుకు గది చూపవలసిన భారం బ్రాంచి పోస్టుమాస్టరుదేనన్న సంగతి మాత్రం చెప్పరు. గది వారిదే, చలి వారిదే, కొండప్రాంతాలలో కట్టెల ఖర్చు వారిదే. బోర్డు మాత్రం శాఖది. సైనిక తపాలా సేవకు డెప్యుటేషన్‌పై సరిహద్దులకు వెళ్ళే మన వారికి, రాత్రి రైళ్ళు దిగి సార్టింగు హాలులో చేరే ఆర్.ఎం.ఎస్. వారికి కూడ ఇదే సమస్య.

కావున పి.ఎన్.ఎం., జె.సి.ఎం. వేదికలపై ఈ కోరికలు ముందుంచవలసియున్నది:

ఒకటి: రన్నింగ్ రూములు, గ్యాంగు గదులు, గేటు గదులు, సార్టింగు హాళ్ళలో థర్మామీటరు అమర్చి, దినమూ రిజిస్టరులో రాయవలెను.

రెండు: విశ్రాంతి గదులకు, క్వార్టర్లకు 18 డిగ్రీలు, కూర్చుండి పనిచేసే గదులకు 16 డిగ్రీలు కనీస ప్రమాణంగా నిర్ణయించవలెను.

మూడు: శీతల ప్రాంతాలలో క్వార్టర్ల పైకప్పులు, తలుపులు, వైరింగు వేసవిలోనే బాగుచేయవలెను.

నాలుగు: గ్యాంగు గదులలో కుంపటి స్థానంలో క్షేమకరమైన హీటరు శాఖ ఖర్చుతో అమర్చవలెను.

ఐదు: శీతల ప్రాంతాల గ్రామీణ డాక్ సేవకులకు చలికాలపు ఇంధన భత్యం ఇవ్వవలెను.

ఈ కోరికలు గాలిలో మాటలు కాకుండ ఉండవలెనంటే మన వంతు పని ఒకటి ఉన్నది. ప్రతి శాఖ ఒక మామూలు థర్మామీటరు కొని, ఈ శీతకాలంలో ప్రతి తెల్లవారుజాము నాలుగు గంటలకు ఒక గ్యాంగు గదిలో, ఒక క్వార్టరులో, ఒక పోస్టాఫీసులో ఉన్న డిగ్రీలను తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాయవలెను. ఇందుకు ఎవరి అనుమతి అక్కరలేదు. ఆ పుస్తకాలు డివిజనల్ కార్యాలయాలకు చేర్చండి.

శివరాత్రికి చలి పోతుంది. నోటుపుస్తకం పోదు. వచ్చే సమావేశంలో బల్ల మీద దానిని పెట్టి మాట్లాడుదాము.