పోగు తెగిన మగ్గమును పారవేయుదుమా?

మన చింతాద్రిపేట 1734వ సంవత్సరమున, జార్జి మార్టన్ పిట్ చెన్నపట్టణపు గవర్నరుగా నున్న కాలమున, నేతగాండ్రకొరకు వెలసినది. చిన్న తరుల పేట, అనగా చిన్న మగ్గముల పేట, అనుటయే యీ పేరునకు మూలమని పెద్దలు చెప్పుదురు. మగ్గముల కాలము గడచినది. నేడు మన రిచీ వీథిలో కంప్యూటర్లును, వాని విడిభాగములును అమ్ముడగుచున్నవి. అయినను నేతగాని బుద్ధి మనకిప్పుడును కావలసియున్నది. పోగు తెగినచో నతడు మగ్గమును పారవేయడు. తెగినచోటు వెదకి ముడివేయును.

మేమీ మాట యూరక చెప్పుటలేదు. మాకు తెలిసిన యొక యింట కంప్యూటరు వేసినంతనే తెరపై చక్రము కొంతసేపు తిరిగి నిలిచిపోవుచుండెను. మీటలు పలుకవు, మౌసు కదలదు. బాగుచేయువారికి చూపగా, బోర్డు పోయినదనియు, క్రొత్త యంత్రము కొనక తప్పదనియు తేల్చిరి. తండ్రి అప్పునకు సిద్ధపడెను. పదవ తరగతి చదువుచున్న కుమార్తె మాత్రము, "నాన్నగారూ, మొన్న మనము వైఫై పుల్ల తగిలించినది మొదలు కదా యిట్లగుచున్నది?" అని యడిగెను. దానికై వేసిన డ్రైవరును తొలగింపగా యంత్రము యథాప్రకారము నడచినది. ఆ యొక్క ప్రశ్న ఆ కుటుంబమునకు ఒక కంప్యూటరు వెల మిగిల్చినది.

డ్రైవరనగా సారథి. ప్రింటరు, తెర, వైఫై మొదలగు పరికరములను నడుపు చిన్న ప్రోగ్రామునకే యీ పేరు. సామాన్యమైన ప్రోగ్రాము చెడినచో నదొక్కటియే మూతపడును. డ్రైవరులలో పెక్కు అట్లు కాక, కెర్నెల్ అనబడు యంత్రపు గర్భగృహముననే పనిచేయును. పరికరమునుండి రాని జవాబునకై అచ్చట నెదురుచూచుచు కూర్చున్నచో యంత్రమంతయు దానితో నిలిచిపోవచ్చును.

ఇది మన యిండ్లకే పరిమితమైన కష్టము కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన భద్రతా డ్రైవరునకు పంపిన యొక దోషపు ఫైలువలన, మైక్రోసాఫ్టు అంచనా ప్రకారము, సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు కూలినవి. మొదలగుటయు కూలుటయు, మరల మొదలగుటయు కూలుటయు! హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసు లిచ్చిరి. కారణమేమి? 20 విలువలు అందిన చోట ఆ ప్రోగ్రాము 21వ దానికై చూచినది. అంతియే! నివారణయు నంతే చిన్నది: సేఫ్ మోడులో తెరచి ఆ ఫైలును తొలగించుట.

మన యంత్రములకును ఇదే మార్గము. ఆగుటకు ముందు క్రొత్తగా నేమి చేర్చితిమో జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. బయటి పరికరముల నూడదీసి మరల వేసి చూడవలెను. అప్పటికిని ఆగినచో సేఫ్ మోడునకు పోవలెను. నేటి విండోస్ వరుసగా రెండు మూడు మారులు తెరచుకొనలేకపోయినచో, అందుకు దారిచూపు తెర సాధారణముగా తానే వచ్చును. సేఫ్ మోడులో అత్యవసరమైన డ్రైవరులు మాత్రమే లేచును. అందు యంత్రము నడచినచో దోషము మిగిలిన డ్రైవరులలో నుండుట సంభవము. డివైస్ మేనేజరులో క్రొత్తదానిని పూర్వరూపమునకు మరల్చవలెను, లేదా తొలగింపవలెను. ఒక మార్పు చేసి ఫలితము చూచిన పిమ్మటనే రెండవదానికి పోవలెను. పదింటిని ఒక్కసారి మార్చువానికి దోషమేదో యెన్నటికిని తెలియదు. సేఫ్ మోడులోను ఆగినచో, అప్పుడు అంగడికి పోవుట తగును.

ఇవన్నియు ఇంగ్లీషు మాధ్యమపు పిల్లల విద్యలని కొందరు తలిదండ్రులు తలచుచున్నారు. మేము దీని నంగీకరింపము. తెరపై కనబడు ఇంగ్లీషు పదములు ఇరువదియో ముప్పదియో. వానిని నేర్చుట మన పిల్లలకు కష్టము కాదు. నిన్న నడచినది నేడేల నడువదు, నడుమ మారినదేమి అను ఆలోచన పదములకంటె ముఖ్యము. ఆ బాలికకు ఆ ప్రశ్న తెలుగుననే తోచినది.

కావున ప్రతి యింటను ఒక నోటుపుస్తక ముంచి, కంప్యూటరునకు ఏనాడేమి చేర్చితిరో తేదీతో వ్రాయుడని విద్యార్థులను కోరుచున్నాము. పాఠశాలలో ఒక పాత యంత్రమును పిల్లల కప్పగించి, వారానికొక గంట దానిని చెడగొట్టి బాగుచేయనిచ్చుట మంచిదని మా యభిప్రాయము. తలిదండ్రులారా! క్రొత్తదానికి సొమ్ము తీయుటకు ముందు మీ బిడ్డను ఒక్కమా రడుగుడు. తెగిన పోగు వారి కంటికే ముందుగా కనబడవచ్చును.