పసికందుకు థైరాయిడ్ పరీక్ష ఏదీ?

పరిశోధన హైదరాబాదులో.. ఆచరణ కేరళలో

సికింద్రాబాద్: జంటనగరాల్లో థైరాయిడ్ అన్న మాట వినని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. ప్యారడైజ్ కూడలి నుంచి చిలకలగూడ వరకు ఏ రోగనిర్ధారణ కేంద్రం ముందు ఆగినా బోర్డుపై ఆ పరీక్ష పేరు కనిపిస్తుంది. హైదరాబాదు సహా ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దలను పరీక్షించి 2013లో వెలువరించిన అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ హార్మోన్ లోపం ఉన్నట్లు తేలింది. పెద్దల్లో ఈ మాత్రం చైతన్యం రావడం మంచిదే. అయితే ఇదే లోపంతో పుట్టే శిశువుల సంగతి ఎవరికీ పట్టడం లేదు. పెద్దలకు మందు ఆలస్యమైతే నీరసం, బరువు, చికాకు. మందు మొదలుపెడితే చాలావరకు సర్దుకుంటాయి. పసికందుకు ఆలస్యమైతే పోయేది బుద్ధి. అది తిరిగి రాదు.

మెదడు ఎదుగుదలకు థైరాయిడ్ హార్మోన్ ప్రాణాధారం. మొదటి మూడేళ్లు అత్యంత కీలకం కాగా, అందులో మొదటి కొన్ని వారాలు మరీ కీలకం. పుట్టిన రెండు వారాల్లోపు చికిత్స ప్రారంభిస్తే ఆ బిడ్డ తోటిపిల్లల్లాగే బడికి వెళ్లి చదువుకుంటుంది. నెలలు గడిచాక ప్రారంభిస్తే ఎదుగుదల కొంత దారిలో పడుతుందేమో గానీ తెలివితేటల లోటు పూడదు. చిక్కేమిటంటే, ఈ లోపంతో పుట్టిన శిశువుల్లో అత్యధికులు పుట్టినప్పుడు చూడటానికి ఆరోగ్యంగానే ఉంటారు. గర్భంలో ఉన్నంతకాలం తల్లి హార్మోన్ కొంత వారికి అందుతుంది. ఇంటికి వెళ్లాక బిడ్డ మగతగా పడుకుంటుంది, పెద్దగా ఏడవదు. ‘బుద్ధిమంతురాలు, నిద్ర చెడగొట్టదు’ అని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఆ నెమ్మదితనమే రోగలక్షణమని చెప్పేవారు పల్లెల్లో అరుదు.

తల్లికి గర్భిణిగా ఉన్నప్పుడు పరీక్ష చేయించాం కదా అన్న ధీమా కూడా పనికిరాదు. తల్లి ఫలితం సవ్యంగా ఉన్నా శిశువుకు గ్రంథి ఏర్పడకపోవచ్చు, ఏర్పడినా ఉండాల్సిన చోట లేకపోవచ్చు. గ్రంథి ఉండీ హార్మోన్ తయారుచేయలేని రకం వంశపారంపర్యంగా వస్తుంది. మేనరికాలు ఇంకా చెల్లుబాటవుతున్న మన ప్రాంతంలో దీన్ని తేలిగ్గా తీసుకోరాదు.

హైదరాబాదులోనే తేలిన లెక్క

ఈ విషయం ఇక్కడివారికి తెలియనిది కాదు. డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం (సీడీఎఫ్‌డీ) శాస్త్రవేత్తలు హైదరాబాదులో 18,300 మంది నవజాత శిశువుల రక్తాన్ని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. వారు వెతికిన పుట్టుజబ్బుల్లో చికిత్సకు లొంగేవి, తరచుగా కనిపించినవి చూస్తే థైరాయిడ్ లోపానిదే ముందు వరుస. ప్రతి 1,700 మందిలో ఒకరికి అది ఉన్నట్లు తేలింది. తరువాత భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాదు సహా ఐదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షించింది. 2018లో వెలువడిన ఆ లెక్క ప్రకారం 1,130 మందిలో ఒకరికి ఈ లోపం ఉంది. చెన్నైలో అయితే 727 మందిలో ఒకరికి. చాలా దేశాల్లో రెండు వేల నుంచి నాలుగు వేల మందిలో ఒకరికి ఉంటుందన్నది పాత అంచనా. ఆ లెక్కన మన దగ్గర ముప్పు రెట్టింపు పైమాటే. ఏడాదికి పదివేల కాన్పులు జరిగే ఆసుపత్రి నుంచి సుమారు తొమ్మిది మంది ఇలాంటి శిశువులు ఇళ్లకు వెళ్తారన్నమాట.

రోనాల్డ్ రాస్ 1897లో మలేరియా దోమ గుట్టు విప్పినది సికింద్రాబాద్ బేగంపేటలోనే. వైద్య పరిశోధన ఈ గడ్డకు కొత్త కాదు. తేలిన ఫలితం ప్రసూతి వార్డు దాకా రాకపోవడమే ఇక్కడి సమస్య.

కెనడాలోని క్యూబెక్‌లో జీన్ డుసో అనే వైద్యుడు 1970 దశకం తొలినాళ్లలోనే ఎండిన రక్తపు చుక్కతో ఈ లోపాన్ని పట్టే పద్ధతి రూపొందించాడు. శిశువు మడమపై చిన్న పోటు పొడిచి, ఫిల్టర్ పేపరుపై చుక్కలు అద్ది, ఆరబెట్టి ప్రయోగశాలకు పంపుతారు. సంపన్న దేశాల్లో దశాబ్దాలుగా ప్రతి శిశువుకూ చేస్తున్నారు. మన దేశంలో 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ జబ్బు ఉంది గానీ, పరీక్ష చేయడం చేయకపోవడం రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. అంగన్‌వాడీలకు వచ్చే సంచార బృందం బిడ్డ మందకొడితనాన్ని గుర్తించేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. కేరళ మాత్రం తన ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో ఈ పరీక్షను చేర్చుకుంది. గోవా 2008లోనే మొదలుపెట్టింది.

అడ్డంకి ఖర్చు కాదు

డబ్బులేక ఆగిందనుకోవడం పొరపాటు. తెలంగాణలో 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పథకం ప్రారంభించినప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయిన తల్లికి మగబిడ్డ అయితే రూ.12 వేలు, ఆడబిడ్డ అయితే రూ.13 వేలు విడతలుగా ప్రకటించారు. సబ్బు, దోమతెర, బట్టలతో పెట్టె కూడా ఇచ్చారు. దానివల్ల సర్కారు ఆసుపత్రుల్లో కాన్పులు పెరిగాయి. తల్లుల పేర్లు, ఊళ్లు కంప్యూటర్లకెక్కాయి. ఆ పెట్టెలో ఒక ఫిల్టర్ పేపరుకు చోటు దొరకలేదు. మందు లెవోథైరాక్సిన్ మాత్ర. ధరల నియంత్రణలో ఉన్నది, రోజుకు కొద్ది రూపాయలతో సరిపోయేది. నర్సు ఎలాగూ ఇంటికి పంపేలోపు శిశువుకు బీసీజీ, హెపటైటిస్-బి టీకాలు, పోలియో చుక్కలు వేస్తూనే ఉంది.

అసలు చిక్కు వేళలో ఉంది. పుట్టిన వెంటనే శిశువు రక్తంలో టీఎస్‌హెచ్ సహజంగానే బాగా పెరిగి, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అందుకే 24 గంటలు దాటాక, వీలైతే మూడోనాడు నమూనా తీయాలంటారు. వార్డుల్లో మంచాలు చాలక మామూలు కాన్పు అయిన బాలింతను అంతకు ముందే పంపించే చోట మడమ పరీక్షకు అవకాశమే ఉండదు. దీనికి విరుగుడుగా కాన్పు సమయంలో బొడ్డుతాడు రక్తాన్నే తీసుకోవచ్చు. శిశువుల హార్మోన్ వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాలు కూడా దీన్ని ఆమోదించాయి.

రెండో చిక్కు పల్లెలది. సిద్దిపేట, జనగామ, భువనగిరి పల్లెల నుంచి గాంధీ వంటి పెద్దాసుపత్రికి వచ్చిన తల్లి పుట్టింటికి వెళ్తుందో, అత్తింటికి వెళ్తుందో తెలియదు. ఇచ్చిన ఫోను నంబరు భర్తదో, మరిదిదో. వారం తరువాత ఫలితం అనుమానాస్పదంగా వస్తే ఆమెను వెతికి మళ్లీ రప్పించాలి. ఈ వెతుకులాటకు యంత్రాంగం లేకుండా పరీక్షలు మొదలుపెడితే కాగితాలు గుట్టలు పడతాయి తప్ప బిడ్డకు మందు అందదు. పల్లెలో ఏ ఇంట బాలింత ఉందో ఆశా కార్యకర్తకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఫలితం ఆసుపత్రి నుంచి నేరుగా ఆమెకు, ఏఎన్‌ఎంకు చేరే ఏర్పాటు ఉంటే సగం పని అయినట్లే. నిజానికి కావలసింది కొత్త యంత్రాలకన్నా ఈ ఏర్పాటే.

మందు మొదలైన ప్రతి బిడ్డా జీవితాంతం వాడాలనేమీ లేదు. కొందరిలో లోపం తాత్కాలికం. మూడేళ్లు నిండాక వైద్యుని పర్యవేక్షణలో మందు ఆపి మళ్లీ పరీక్షిస్తారు. ఈలోగా కాస్త హుషారు కనిపించిందని తల్లిదండ్రులే మానేస్తే మొదటికే మోసం. మాత్రను నూరి తల్లిపాలలోగానీ నీళ్లలోగానీ కలిపి రోజూ ఒకే వేళకు పట్టాలి. ఐరన్, కాల్షియం మందులతో కలిపి ఇవ్వరాదు.

ప్రతి శిశువుకూ పరీక్ష చేసే రోజు వచ్చేలోగా తల్లిదండ్రులే ఇంటికి వెళ్లేముందు వైద్యుణ్ని అడగాలి. పుట్టి రెండు వారాలు దాటినా పచ్చకామెర్లు తగ్గకపోవడం, పాలు సరిగా తాగకపోవడం, మలబద్ధకం, బొంగురు ఏడుపు, ఉబ్బిన బొడ్డు, బయటకు వచ్చిన నాలుక, చల్లబడిన ఒళ్లు.. వీటిలో ఏది కనిపించినా నాటువైద్యంతో కాలయాపన చేయకుండా అదే రోజు పిల్లల వైద్యుని దగ్గరకు తీసుకెళ్లి టీఎస్‌హెచ్, టీ4 పరీక్షలు చేయించాలి.